బొల్లి మేక రిపోర్టు

జగదల్‌పూర్

ప్రియమైన పెద్దమ్మకు,

బస్సులో పంపిన మంచుపెట్టె భద్రంగా అందింది. రక్తం గొట్టాల మీద మేకల పేర్లు రాయమంటే ఒకదాని మీద ‘సుమిత్ర’ అని రాశావు. సొంత చెల్లెలి పేరు మేకకు పెట్టావని అమ్మకు చెప్పనా?

ల్యాబులో మేకలకొచ్చే జోన్స్ వ్యాధికి రెండు రక్త పరీక్షలు పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. ఒకటి బయట కొనేది, రెండోది నేను తయారుచేస్తున్నది. ఈ జబ్బు చాలాకాలం పైకి కనబడదు. ఆ తర్వాత మేక మేస్తూనే చిక్కిపోతుంది. ఈలోగా పాలతో, పెంటికలతో పిల్లకు అంటిస్తుంది. నీ బొల్లికి జబ్బు లేదని కొన్న పరీక్ష అంటోంది, ఉందని నాది అంటోంది. చూలుతో ఉంది కాబట్టి, ఈనగానే పిల్లను వేరుచెయ్యి. జబ్బు లేని మేక పాలు పట్టు.

నీ బిందు

భోపాల్‌పట్నం

ప్రియమైన బిందుకు,

ఫోన్లో అయితే మధ్యలో అడ్డొస్తావని రాస్తున్నాను. నీ పరీక్షలు రెండూ రెండు మాటలు చెబితే నేను దేన్ని నమ్మాలి?

బొల్లి ఈనింది. ఆడపిల్ల. వేరుచేద్దామని చేతుల్లోకి తీసుకున్నాను. బొల్లి నా మొహంలోకే చూస్తోంది. పక్కింటామె భీమే, “ఏందక్కా, తల్లి కాడి నుంచి పిల్లను గుంజుకపోతవా?” అంది. మళ్లీ తల్లి దగ్గరే పెట్టేశాను. నా వల్ల కాదు, తల్లీ. కోప్పడకు.

మీ పెద్దమ్మ ఇంద్రాణి

జగదల్‌పూర్

పెద్దమ్మకు,

నాకు కోపమే వచ్చింది. నన్ను కన్నది నువ్వేనని పదేళ్లప్పుడే తెలిసింది. ఎందుకు ఇచ్చేశావని ఏనాడూ అడగలేదు. మేకపిల్లను తీయడానికి రాని చేయి నా విషయంలో ఎలా వచ్చింది?

ఇలా రాయకూడదేమో. రాసేశాను. పిల్లను మాత్రం వేరుచెయ్యి.

బిందు

భోపాల్‌పట్నం

నా బంగారు తల్లికి,

నీ ఉత్తరం చదివిన వెంటనే పిల్లను వేరుచేశాను. బొల్లి పాలు పిండి పారబోస్తున్నాను. అది అరుస్తూనే ఉంది.

నువ్వు పుట్టిన కొత్తలో నాకు దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రే తీసి టీబీ అన్నారు, పసిదానికి అంటుకుంటుందన్నారు. పిల్లాజెల్లా లేని సుమిత్ర నిన్ను ఎత్తుకుపోయింది. కొన్ని నెలలకు ఇంకో డాక్టరు నాకు అసలు టీబీయే లేదన్నాడు. పరుగున వచ్చాను. సుమిత్ర వెంటనే నిన్ను నా ఒళ్లో పెట్టింది. నువ్వు గుక్కపట్టి ఏడ్చి దాని కొంగు పట్టుకున్నావు. “నాలుగు రోజులు పోనీయే, మల్లొస్త” అని దానితో చెప్పి బస్సెక్కాను. మళ్లీ రావడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ నాలుగు రోజులు ఇంకా అవుతూనే ఉన్నాయి.

నీ పరీక్ష తప్పయితే తొందరగా చెప్పు, బిందూ. ఆలస్యమైతే పిల్ల తల్లిని మరిచిపోతుంది.

ఇంద్రాణి

జగదల్‌పూర్

అమ్మా,

పొరబడింది నా పరీక్షే. జోన్స్ క్రిమికి మట్టిలో హాని చేయని ఒక చుట్టం ఉంది. బొల్లి రక్తంలో దాని జాడ చూసి అదే ఇదనుకుంది. ఆ చుట్టాన్ని తప్పించి మళ్లీ చూస్తే ఏమీ లేదు. పెంటికలు కూడా రెండుసార్లు చూశాం, క్రిమి లేదు. పరీక్షను ఇంకా సరిచేయాలి, ఆ పని నాది. తప్పు చెప్పి బొల్లిని ఏడిపించాను.

పిల్లను వెంటనే తల్లి దగ్గర వదులు. బొల్లి వాసన చూసి తన్నేస్తే, దాని పాలే పిల్ల తోకకు, వీపుకు రాసి దగ్గర పెట్టు. పిల్ల కొత్తచేసి ఏడ్చినా ఎత్తుకుపోకు. నాలుగు రోజులు ఓపిక పట్టు.

ఆ నాలుగు రోజులు నేనూ అక్కడే ఉంటాను. సెలవు పెట్టాను. నీ ఉత్తరం మీ చెల్లెలికి చదివి వినిపించాను. చాలాసేపు ఏడ్చి, “నా పేరు పెట్టిన మేక ఎట్లుందో నేను చూడొద్దా?” అని తనూ సంచి సర్దుకుంది. ఇద్దరం కలిసే వస్తున్నాం. బస్టాండుకు రా.

నీ కూతురు
బిందు