తరాజు లేని ఫొటో

ఫిబ్రవరి 1982, ఆదివారం రాత్రి

నాతో పనిచేసే సారయ్య గాడి ఫొటోనే మా స్టూడియో యజమాని మల్లన్న ఈరోజు షోకేసులో పెట్టాడు. ఒళ్లు మండిపోతోంది. మేడారం జాతరలో ఇద్దరం పక్కపక్కనే నిలబడి తీశాం. తరాజులో ఒకవైపు పాప, ఇంకోవైపు పాప బరువుకు సరిపడా మొక్కు బెల్లం. నా ఫొటోలో పాప, తరాజు, బెల్లం అన్నీ స్పష్టంగా ఉన్నాయి. వాడి ఫొటోలో పాప తల్లి ముఖం ఒక్కటే.

"తరాజేది, బెల్లమేది? మొక్కని ఎట్ల తెలుస్తదన్నా?" అని మల్లన్నను నిలదీశాను.

"నీ దాంట్ల బెల్లం దుకాణం కనవడుతాందిరా. జర ఆమె కండ్లు చూడు," అన్నాడు. ఇక పెళ్లిళ్లకు కెమెరా సారయ్య చేతికే ఇస్తాడు.

సాయంత్రం ఆ తల్లి ఫొటో కోసం వచ్చింది. నాదే తీసుకుంది. "బిడ్డ మంచిగ వడ్డది," అంటూ సంచిలో పెట్టుకుంది. నా కడుపు చల్లబడింది. కానీ పోతూ పోతూ షోకేసు ముందు ఆగిపోయింది.

"పోయినేడు దవాఖానల నా బిడ్డను ఎత్తుకుంటే బరువే లేకుండె. తరాజుల చూడంగనే అది యాదికొచ్చింది," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వే గద తమ్మీ, అడ్డమొస్తానవ్, జర జరుగక్కా అన్నది?"

అవును, నేనే. ఆ ముఖం నా లెన్సుకు మూరెడు దూరంలో ఉంది. నేను అవతలికి పొమ్మన్న ముఖాన్నే సారయ్య తీశాడు. వాణ్ణి దొంగ అని తిడదామన్నా కుదరడం లేదు.