రెండేళ్లే పెద్ద

అక్కా,

మొన్న నేను మీ ఇంట్లో మర్చిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి నువ్వు మా ఆఫీసుకు వచ్చినప్పుడు, కొత్తగా చేరిన క్లర్కు "మీ అమ్మగారా మేడమ్?" అని అడిగింది. నీ తెల్లజుట్టు పక్కన నా రంగేసిన జుట్టు చూసి అలా అనుకుంది. నాకు యాభై నిండాయని అక్కడ ఎవరికీ తెలియదు. నేను నోరు మెదపలేదు. నువ్వే నవ్వి, "అవునమ్మా, దీనికి మతిమరుపు" అని నన్ను గట్టెక్కించావు.

ఆ రోజు నుంచి నీ ఫోన్ ఎత్తడానికి మొహం చెల్లక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈరోజు ఆ అమ్మాయితో నిజం చెప్పాను. "ఆవిడ మా అక్క. నాకన్నా రెండేళ్లే పెద్ద" అన్నాను. ఆమె "అలాగా మేడమ్" అని మళ్లీ పనిలో పడింది.

అంతే అక్కా. ఆ పాటి మాటకు భయపడి నిన్ను అక్కవి కాకుండా చేశాను.

నీ చెల్లెలు