నెటిల్ మీద ఏ గెరాటీ చెయ్యీ పడకూడదు

కిల్డేర్ జిల్లా, కుర్రా మైదానం పక్కనున్న క్లూన్‌బెగ్ గుర్రపుశాల యజమానురాలినైన బ్రిజిడ్ గెరాటీ అనే నేను, పెళ్లి కానిదాన్ని, మంచం పట్టినదాన్ని, ఎవరి ప్రోద్బలమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. నాకు ఒళ్లు చెడింది గానీ బుర్ర చెడలేదు. ముసల్దానికి మతి పోయి రాయించిందని నా తమ్ముడు ఫెర్గస్ కోర్టుకెక్కితే, ఈ కింది షరతులన్నీ వాడి ముందు గట్టిగా చదివించండి. ఇంత పగ మతి పోయినవాళ్లకు గుర్తుండదు.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత డాక్టర్ ఈమన్ కోల్గన్‌ది. మా నాన్న గడియారం ఆయనకు ఇస్తున్నాను. నా రోగం సంగతి నాకు నిజం చెప్పాడు, నేను అడిగానని ఇంకెవరికీ చెప్పలేదు.

2. నా పందెపు గుర్రం నెటిల్ గెలిచిన వెండి కప్పులన్నీ ఫెర్గస్‌కు చెందాలి. ప్రతిదాని మీదా శిక్షకుడి పేరు వాడిదే చెక్కి ఉంది. ఆడదానికి శిక్షకురాలి లైసెన్సు ఇవ్వరు కాబట్టి వాడి పేరు పెట్టాల్సి వచ్చింది. మంచులో, వానలో పొద్దున్నే ఆ పిల్లను మైదానానికి తోలుకెళ్లింది నేను. పేపర్లో ఫోటోకి నిలబడింది వాడు. ఇక జీవితమంతా వాటిని తోముకుంటూ కూర్చోమనండి.

3. మా వీధి చివరి విధవరాలు విన్నీ టూమీకి నా గోధుమరంగు ఆడగుర్రం నెటిల్‌ను, దాని మేతకు కింది పచ్చికపొలాన్ని ఇస్తున్నాను. ఎందుకో అందరికీ తెలియాలి.

నెటిల్ తల్లి చూలుతో ఉండగా ఫెర్గస్ దాన్నెక్కి వేటకు పోయి గోడలు దూకించాడు. అది పిల్లను ఈని చచ్చిపోయింది. వాడు కొట్టం గుమ్మంలో నిలబడి, "తల్లి లేని పిల్ల బతకదక్కా. దీన్ని కూడా వేటకుక్కలకు పంపించెయ్, మాంసానికైనా పనికొస్తుంది" అన్నాడు. చచ్చినవాటిని అలా పంపడం మా ఊళ్లో మామూలే. అది మాత్రం బతికే ఉంది, నా వేలు చీకుతోంది. ఆ పూటే విన్నీ తన మేకను తోలుకొచ్చి, బల్ల మీద నిలబెట్టి, పిల్లకు పాలిచ్చింది. పైసా అడగలేదు. పైగా, "మేక పాలు తాగింది కదా బ్రిజిడమ్మా, చూడు, కంచెలన్నీ దూకుతుంది!" అని నవ్వింది. నిజంగానే దూకింది మహాతల్లి!

రెండేళ్ల వయసులో దిగిన మూడు పందేలూ గెలిచింది. మూడేళ్లప్పుడు గినీస్ అనే పెద్ద పందెంలో, ఆఖరి మలుపు దగ్గర వెనక ఉన్నది కాస్తా, ఒక్కో గుర్రాన్నీ పలకరించి పోతున్నట్టు దాటేసి ముందుకొచ్చింది. ఓడింది ఒక్కసారే, లెపర్డ్స్‌టౌన్‌లో. ఆ సాయంత్రం జాకీ నా వంటింట్లో కూర్చుని ఏడ్చాడు. "మీ తమ్ముడే పగ్గాలు బిగపట్టమన్నాడమ్మా. అది ఉరుకుతానంటోంది, నేనే పట్టేశాను" అన్నాడు. ఎదుటి గుర్రం మీద పందెం కాసుకున్నాడు నా తోడబుట్టినవాడు! నెటిల్ ఆ రాత్రి దాణా ముట్టలేదు. అది నేను క్షమించలేదు, క్షమించను కూడా. ఫాదర్ గారు నొచ్చుకున్నా సరే.

4. ఇక ఈ శనివారం మా కుర్రా మైదానంలో జరగాల్సిన ఓక్స్ అనే ఆడగుర్రాల పందెం సంగతి. నెటిల్ ముందరి ఎడమకాలి నరం వేడెక్కి ఉంది. విన్నీ చెయ్యి పెట్టి చూసింది, డాక్టరూ చూశాడు. పరిగెడితే తెగుతుంది. ఫెర్గస్‌కు చెప్తే, "కట్టు కడదాంలే అక్కా. ఒక్క పరుగే కదా! ఆ తర్వాత కాలు విరిగితే మనకేంటి?" అన్నాడు. ఈసారి దాని గెలుపు మీదే తన ఇల్లూ, పొలమూ ఒడ్డాడు.

గుర్రం యజమాని చనిపోతే ఆ పేరున దాఖలైన పోటీలన్నీ రద్దవుతాయి, గుర్రం పరిగెత్తడానికి వీల్లేదు. దాని మీద కాసిన డబ్బు తిరిగి రాదు. ఇది గుర్రప్పందేల నియమం, ఫెర్గస్‌కు బాగా తెలుసు. అందుకే ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా నా గదిలోకి తొంగిచూడనివాడు ఇప్పుడు పూటపూటా గంజి పట్టుకొచ్చి, "తాగక్కా, నువ్వు పదికాలాలు బతకాలి" అంటున్నాడు. డాక్టరు నాకింకా నెలరోజులు గడువిచ్చాడని వాడికి నేనే చెప్పాను. ఆ మాట నమ్మే ఇల్లు కూడా ఒడ్డాడు. డాక్టరు నాతో అన్నది, శుక్రవారం దాటడం కష్టమని.

ముందే నెటిల్‌ను పోటీ నుంచి తప్పిస్తే వాడు పసిగట్టి, ఇంకో గుర్రం మీద కాసి నష్టం పూడ్చుకుంటాడు. అందుకే నోరు మూసుకుని ఉన్నాను. ఒకవేళ నా ప్రాణం మొండికేసి శనివారం దాకా నిలిస్తే, గుర్రాలకు నాడాలు కొట్టే థడియస్ క్విల్టీ ఆ పొద్దున్నే నెటిల్ నాలుగు నాడాలూ ఊడదీసి నదిలో పారేయాలి. ఎలా చూసినా ఆ పిల్ల పరిగెత్తదు.

5. ఇకమీదట నెటిల్ మీద జీను వేయకూడదు. దాన్నీ, దాని పిల్లల్నీ ఏ గెరాటీకీ అమ్మకూడదు, అరువివ్వకూడదు, చూపించనూ కూడదు.

6. డాక్టరు అన్నట్టే నేను పోతే, నా అంత్యక్రియలు శనివారం మధ్యాహ్నం, ఓక్స్ గుర్రాలు బారులు తీరే వేళకే జరగాలి. మైదానం కేకలు మా స్మశానానికి చక్కగా వినిపిస్తాయి. తోడబుట్టినవాడు కదా, శవపేటిక ముందు కొస ఫెర్గస్ భుజం మీదే ఉండాలి. పందెం ముగిసేదాకా దించనివ్వకండి.

1926 జులై 14, బుధవారం, క్లూన్‌బెగ్‌లో నా చేత్తో సంతకం చేశాను.

బ్రిజిడ్ గెరాటీ

ఆమె మా ఎదుట, మేము ఆమె ఎదుట సంతకాలు చేశాము:
హనోరా లీహీ, పోస్టాఫీసు
థడియస్ క్విల్టీ, కమ్మరి