తీపి వెనక పులుపు

శంషాబాద్

అమ్మా,

వందనాలు. ఫోన్లో నా గొంతు వింటే కంగారుపడతావని రాస్తున్నాను. జ్వరం తగ్గినా నాకు వాసనలు తిరిగి రాలేదు. పోపు మాడినా తెలియదు. చంటిదాని తల మీద ముక్కు పెట్టుకుని ఏడుస్తున్నాను, ఏ వాసనా లేదమ్మా!

హోటల్లో ఎవరికీ చెప్పలేదు. వైన్ రుచి చూసి అతిథులకు పోయడమే కదా నా పని. నిన్న ఒకాయన భోజనం చివర తాగే తియ్యని తెల్ల వైన్ అడిగాడు. తీగ మీదే వడలనిచ్చిన ద్రాక్షతో చేసేది, లేత బంగారు రంగులో ఉంటుంది. గ్లాసు తిప్పి, వాసన చూసినట్టు నటించి, "తేనె వాసన, మాగిన సీతాఫలం వాసన" అని పాత మాటలే అప్పజెప్పాను. ఆయన గ్లాసు పక్కకు నెట్టాడు. "తడి అట్టపెట్టె కంపు కొడుతోందమ్మా, నీకు తెలియట్లేదా?" అన్నాడు. సీసాలో వైన్ చెడిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. శనివారం కొత్త సీసాలను మేనేజర్ ముందు రుచి చూసి చెప్పాలి. దొరికిపోతాను. ఏం చేయనమ్మా? కట్టుకున్నవాడే అయినా బ్లెసన్‌కు కూడా చెప్పలేదు.

నీ జెన్నిఫర్

మహేశ్వరం

బిడ్డా జెన్నీ,

ఏడ్వకు. ఎన్నడూ చెప్పని ముచ్చట చెప్త. మీ బాపుకు గూడ వాసన తెల్వకపోయేది. ద్రాక్షతోటకు మందు కొట్టీ కొట్టీ ముక్కు పోయింది. నాకు తప్ప ఎవ్వలకు చెప్పలే. క్రిస్మస్‌కు మనింట్ల తెల్లద్రాక్ష వైన్ పెడితే, గుక్కెడు నాలుక మీద ఉంచుకునేటోడు. ముందు తీపి రావాలె, దాని ఎనుక దవడలు గుంజేటట్టు పులుపు రావాలె అనేటోడు. పులుపు రాకుంటే అది ఉత్త చక్కెర పాకమే. ఇగ వాసనకు నన్ను పిలిచేటోడు. "ప్రేమా, జర నువ్వు చూసి చెప్పవే" అని. నేను చెప్పేదాన్ని. గంతే. నువ్వు గూడ అడుగు బిడ్డా, సిగ్గేంది?

మీ అమ్మ ప్రేమమ్మ

శంషాబాద్

అమ్మా,

శనివారం అందరి ముందు ఉన్నమాట చెప్పేశాను. గుక్క నోట్లో నిలిపాను. తీపి వచ్చింది. ఆగాను. దవడల దగ్గర పులుపు వచ్చింది. బాపు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇది మంచి వైన్. వాసన మాత్రం ఎవరైనా చెప్పాలి" అన్నాను. గ్లాసులు తుడిచే స్వర్ణలత ముందుకొచ్చి, "ఎండుద్రాక్ష లెక్క ఉందక్కా, జర తేనె లెక్క" అంది. మేనేజర్ ఆ మాటే రాసుకున్నాడు. నన్ను బిల్లుల కౌంటర్‌కు మార్చేశారు. బాధగానే ఉంది, అబద్ధమెందుకు!

ఇంటికొచ్చి చంటిదాన్ని బ్లెసన్ చేతికిచ్చాను. "దీని తల ఏం వాసనొస్తుందో చెప్పవా?" అని అడిగాను. తను వింతగా చూసి, తల వంచి మూచూశాడు.

"పాలు, కొబ్బరినూనె... పొద్దటి సాంబ్రాణి గూడ ఉంది. ఏమైంది జెన్నీ?"

"ఇంకోసారి చెప్పు" అన్నాను.

నీ జెన్నిఫర్