పడవ గుర్తు

నాన్నా,

సోమవారం పొద్దున్న పలాసలో సంతకం పెట్టాలి, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు ఉన్నప్పుడు కూడా ఉత్తరాలన్నీ నేనే చదివి వినిపించేదాన్ని. ఇదీ అలాగే అనుకో.

డిజైన్ కోర్సు పూర్తయి ఏడాదైంది. విశాఖలో ఎవరూ తీసుకోలేదు. పలాస జీడిపప్పు షావుకారు మాత్రం నేను గీసిన ప్యాకెట్ బొమ్మ చూసి ఉద్యోగం ఇస్తానన్నాడు. ఆ బొమ్మ మన పడవ మీది గుర్తే, ఎర్ర చేప మీద మూడు తెల్ల గీతలు. గీసేటప్పుడు ఇంట్లో అడగాలని తోచలేదు. ఇప్పుడు దాన్ని తన కంపెనీ పేరున రిజిస్టర్ చేయిస్తాడట, నా సంతకం అందుకే. వేరే బొమ్మ గీస్తానంటే, "అదైతేనే ఉద్యోగం తల్లీ" అన్నాడు.

నువ్వు పోయాక పడవ నడుపుతున్న చిన్నాన్న మండిపడ్డాడు. "ఒడ్డు మీద ఆడోళ్లు ఆ గుర్తు సూసే కదే, మనోడొత్తన్నాడని పొయ్యి ఎలిగిత్తారు! పప్పు పొట్లాలకి ఇచ్చేత్తావేటి?"

అమ్మ అవుననలేదు, కాదనలేదు. "మీ నాన్ననడుగు" అంది.

ఆదివారం సాయంత్రంలోగా చెప్పు నాన్నా. నువ్వు పలకకపోతే, దాన్నే సరే అనుకుని సంతకం పెట్టేస్తానేమోనని భయంగా ఉంది.