మూడోసారి మోపిన కాలు

కుసుమ వదినకు,

మీ అమ్మ బావి దగ్గర జారిపడి మెడ విరిగిందని మీకు చెప్పాం. అది నిజం కాదు. నేను ఎదురుకాళ్లతో పుట్టానని ఊళ్లో ఎవరికి నడుం పట్టేసినా నాచేత తొక్కించుకుంటారు కదా. జూన్ ఆరున అత్త మెడ పట్టేసిందని బోర్లా పడుకుంది. ఎప్పటిలాగే మూడుసార్లు మెల్లగా కాలు మోపాను. మూడోసారి చప్పుడైంది. వయసుకు ఎముకలు గుల్లబారిపోయాయని తర్వాత డాక్టరు చెప్పారు.

జారిపడ్డానని చెప్పమన్నది అత్తే. "నా కూతురికి సెప్పకే అమ్మీ. తొక్కమన్నది నేనే కదేటి" అంది. పోయేదాకా అదే మాట.

నిన్న పక్కింటి మరిడమ్మ నడుం పట్టేసిందని వచ్చి, అరుగు మీద బోర్లా పడుకుంది. నాకు కాలు లేవలేదు. ఎందుకని అడిగింది. ముందు మీకు చెప్పాలి కదా వదినా.

మీ మరదలు