హుఫూఫ్ ఆసుపత్రిలోని తమ్ముణ్ణి చూచుట గురించి

దోహా.

భారత రాయబార కార్యాలయపు కార్మిక సహాయ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా నివాస కార్డును గడువుకు ముందే పొడిగింపజేసి, నేను సౌదీ సరిహద్దు దాటుటకు వీలు కల్పించుమని కోరుట.

ముందుగా నా తెలుగు సరిగా లేనందుకు మన్నించగలరు. ఐదవ తరగతితో ఆగిన చదువును రాత్రి బడిలో తిరిగి మొదలుపెట్టి, నలుబది దాటిన పిమ్మట బి.ఏ. ఉత్తీర్ణుడనైతిని. అర్జీలు ఇతరుల చేత వ్రాయించు అలవాటు నాకు లేదు. తప్పులన్నియు నావే.

1. నేను జగిత్యాల జిల్లా వాసిని. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గోదామున లోడింగ్ సూపర్‌వైజరును. నా తమ్ముడు రత్నాకర్ సౌదీలో కట్టడపు పని చేయుచు, పోయిన నెలలో పక్షవాతము వచ్చి పడిపోయినాడు. ప్రస్తుతము ఆ దేశపు హుఫూఫ్ పట్టణములో ఆసుపత్రిలో ఉన్నాడు. మాట పోయినది. ఆహారము ముక్కులోని గొట్టము ద్వారానే.

2. హుఫూఫ్ ఇక్కడికి దూరము కాదు. మా గోదాము నుండి పైపులతో ఉదయము బయలుదేరిన ట్రక్కు చీకటి పడక మునుపే అక్కడికి చేరును. ఆ పైపులను ఎక్కించువాడను నేను. ఈ ఆరు గల్ఫ్ దేశములు ఒకే మార్కెట్టుగా కలిసినవనియు, వీటి పౌరులు గుర్తింపు కార్డు చూపి ఒక దేశము నుండి మరొక దేశమునకు పోయి పని చేసుకొనవచ్చుననియు ఆర్థిక శాస్త్రపు పరీక్షలో వ్రాసి మంచి మార్కులు పొందితిని. ఆ జవాబులో మా వంటి వారి గురించి ఒక్క వాక్యము లేదని ఇప్పుడు గమనించితిని.

3. నా వంటి నివాసికి కూడ సౌదీ వీసా ఇత్తురు. కాని కార్డులో మూడు నెలల గడువు మిగిలి ఉండవలెను. నాకు అంత లేదు. కంపెనీలో వీసా పనులు చూచు మందూబ్ కమాలుద్దీన్ గారిని బ్రతిమాలితిని. అందరి కార్డులతో పాటే నాదియు చేయుదుమనియు, ఒక్కని కొరకు పద్ధతి మార్చుట కుదరదనియు చెప్పినారు. గడువు ముగియునప్పుడు గాని పొడిగించరు, పొడిగించిన గాని వీసా రాదు. ఎవరును నియమము తప్పలేదు.

4. మా ఊరిలో గల్ఫ్ అంతయు దుబాయే. తమ్ముని భార్య స్వర్ణ ఫోన్ చేసి, "ఇద్దరు ఒక్క దుబాయ్‌లనే ఉన్నరు గద బావా, పోయి సూసొస్తే ఏమైతది? గట్టు కాడి పంచాది ఇంక మనసుల పెట్టుకున్నవా?" అని అడిగినది. మా అన్నదమ్ముల పొలము గట్టు తగాదా తీరి ఏండ్లయినది. సరిహద్దు గురించి వివరించబోతిని. ఆమె ఫోన్ పెట్టేసినది.

5. ట్రక్కు డ్రైవరు జియావుద్దీన్ నాకు బదులుగా ఒకసారి పోయి తమ్ముని చూచి వచ్చినాడు. తమ్ముడు అతని చేయి పట్టుకొని విడువలేదట. "పైపుల మధ్య పండుకో భాయ్, దాటిస్తా" అన్నాడు జియావుద్దీన్. చట్టవిరుద్ధమని నిరాకరించితిని. మరల ట్రక్కు గురువారము పోవును. ఈసారి నిరాకరింతునని వ్రాతపూర్వకముగా చెప్పలేను.

6. అచ్చటి నర్సు పుష్ప గారు, గుంటూరు వారు, నేను ఫోన్ చేసినపుడెల్ల తమ్ముని చెవికి ఫోను ఆనించెడివారు. నిన్న ఆమెయే, "అన్నయ్యా, మీ గొంతు వినగానే ఆయన లేవబోతున్నాడు. గొట్టం పీకేసుకుంటున్నాడు. రాగలిగితే రండి. రాలేకపోతే ఇంక ఫోన్ చెయ్యకండి" అన్నారు.

కావున తమరు మా కంపెనీకి ఒక్క ఉత్తరము వ్రాసి, నా కార్డును ఈ వారముననే పొడిగింపజేయ ప్రార్థన. రుసుము, జరిమానా, జీతపు కోత, ఏది విధించినను సమ్మతమే. ఇంతవరకు ఏ కార్యాలయమునందును నేను చేతులు కట్టుకొని నిలుచున్నవాడను కాను. ఇప్పుడు నిలుచున్నాను.

ఈ సంగతులన్నియు ఆలస్యము లేక చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
గుగ్గిళ్ల రాజేశం, బి.ఏ.

తా.క.: తమ పిమ్మట దీనిని చదువవలసినవారు కమాలుద్దీన్ గారు. వారికి తెలుగు రాదు గనుక, తమరే చదివి అర్థము చెప్పవలెను. ఆ తరువాత పుష్ప గారు. ఆమెకు ఫొటో తీసి ఇప్పుడే పంపుచున్నాను. ఆమె నా తమ్మునికి వినిపించవలసినది ఈ క్రింది ఒక్క ముక్కయే:

"తమ్మీ, గొట్టం పీకకు. అన్న బయలెల్లిండు."

అయ్యా, ఆమె ఈ సాయంత్రమే చదువును. అది అబద్ధము కాకుండ చూచుట తమ చేతిలో ఉన్నది.